గట్టు పూలకు పెరట్లో చోటు

పెత్తరమాస దగ్గర పడుతుందనగానే హైదరాబాద్ మార్కెట్లలోకి గునుగు కట్టలు, తంగేడు కొమ్మలు దిగుతాయి. బతుకమ్మ తొమ్మిది రోజులూ బంతికి, చేమంతికి దీటుగా వాటికీ గిరాకీ ఉంటుంది. పండుగ వెళ్లాక అదే ఊళ్లో నర్సరీకి పోయి తంగేడు మొక్క కావాలంటే మాత్రం యజమాని ఎగాదిగా చూస్తాడు. రోడ్డు పక్కన మొలిచేదాన్ని డబ్బులిచ్చి కొనడమేమిటని ఆయన అనుమానం. అనుమానం సబబే, కాకపోతే ఆ రోడ్డు పక్కలన్నీ ఇప్పుడు ప్లాట్లయిపోతున్నాయి. కలుపు మందు కొట్టిన చేలో గునుగు మొలవదు. పువ్వు కోసం వెళ్లేవాళ్లు ఏటికేడు ఇంకాస్త దూరం పోవాల్సి వస్తోంది.

అందుకే కొందరు ఈ పూలను ఇంట్లోనే పెంచుకోవాలని చూస్తున్నారు. చాలామందికి మొదటిసారి బతకవు. కారణం అశ్రద్ధ అనుకుంటే పొరపాటు. అతి శ్రద్ధే వీటిని చంపుతుంది. వర్మీకంపోస్టు, కోకోపీట్ కలిపిన మెత్తటి మట్టి, పొద్దునా సాయంత్రం నీళ్లు గులాబీకి మంచివి. రాతి సందులో, ఎనిమిది నెలల ఎండలో పెరగడానికి అలవాటుపడిన మొక్కకు అవే ప్రాణాంతకం. వేరు కుళ్లుతుంది, లేదంటే కొమ్మంతా ఆకే అయి పువ్వు రాదు. అడవి పువ్వు ఎలా పెరగాలో చెప్పే పుస్తకం అది పుట్టిన చోటే. కాబట్టి ముందు ఆ చోటును చదవాలి, వీలైనంత వరకు దాన్నే పెరట్లో కల్పించాలి, ఆ తర్వాతే విత్తనం వేయాలి.

ఇల్లు రాకముందు అక్కడేముంది?

హైదరాబాద్, వరంగల్, కరీంనగర్, అనంతపురం చుట్టుపక్కల ఇళ్లు చాలావరకు గ్రానైట్ నేల మీద ఉన్నాయి. హైదరాబాద్ బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆ బండ అరిగి రాలిందే మొరం, ఎర్ర చల్క. ఇందులో సారం తక్కువ, నీరు నిలవదు. ఆదిలాబాద్, కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి ఎక్కువ. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్లిస్తుంది. తీరం వెంబడి ఇసుక, డెల్టాలో ఒండ్రు.

నేల ఏదో తెలియకపోతే అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపి చూడాలి. గంటలోపే ఇంకితే గుట్ట మొక్కలకు పనికొస్తుంది. మర్నాటికీ తడి నిలిచి ఉంటే చెరువుగట్టు మొక్కల వైపు చూడాలి. ఇంతకంటే తేలికైన దారి ఇంకొకటుంది. జూలై నుంచి అక్టోబరు వరకు వీధి చివరి ఖాళీ ప్లాటును గమనిస్తూ ఉండాలి. ఎవరూ విత్తకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా అక్కడ ఏది పూస్తోందో అదే ఆ వీధికి సరైన మొక్కల పట్టిక. కొత్త ఇళ్ల చుట్టూ మట్టి కంటే ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలే ఎక్కువ ఉంటాయని చాలామంది దిగులు పడతారు. తంగేడు విషయంలో ఆ దిగులు అక్కర్లేదు.

గుట్ట మీది పసుపు

2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ఎంపికైన తంగేడు మన మెట్ట నేలల సొంత మొక్క. భారత్, శ్రీలంక, మయన్మార్‌లలో సహజంగా పెరుగుతుంది. పశువులు దీన్ని పెద్దగా ముట్టవు. అందుకే మేత మేసి బోడిగా మిగిలిన గుట్ట మీద కూడా ఇది పచ్చగా నిలబడుతుంది. చెక్కలో టానిన్ ఎక్కువ కాబట్టి ఒకప్పుడు లందల్లో తోళ్లు ఊనడానికి వాడేవారు. పువ్వుకు పండుగ దక్కితే, చెక్కకు చెప్పుల పని దక్కింది.

పూత మీదున్న తంగేడు దగ్గర ఉదయం పూట కాసేపు నిలబడితే ఒక తమాషా కనిపిస్తుంది. ఈ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే ఉంటుంది. అదీ విప్పి పెట్టి ఉండదు. పుప్పొడి తిత్తుల కొసన సూది మొన పట్టేంత రంధ్రాలుంటాయి. పెద్ద నల్ల తుమ్మెద వచ్చి కేసరాలను కాళ్లతో గట్టిగా పట్టుకుంటుంది. రెక్కలు ఆపి, రెక్కల కండరాలను మాత్రం అదిరిస్తుంది. అప్పటిదాకా ఉన్న ఝుంకారం ఒక్కసారిగా సన్నగా, హెచ్చు స్థాయిలోకి మారుతుంది. ఆ అదురుకు ఉప్పుడబ్బాలోంచి ఉప్పు రాలినట్టు పుప్పొడి దాని పొట్ట మీద రాలుతుంది. అందరి పెరట్లోనూ కనిపించే చిన్న తేనెటీగకు ఈ విద్య రాదు. కనుక తంగేడు బాగా కాయాలంటే తుమ్మెద కావాలి. తుమ్మెద ఎండు కర్రను, వెదురును తొలిచి గూడు పెట్టుకుంటుంది. పెరట్లో ఓ మూల ఎండు మొద్దును, నాలుగు వెదురు ముక్కలను పారేయకుండా ఉంచడం ఈ తోటపనిలో భాగమే.

తంగేడు కాయలు పలచగా, కాగితంలా ఉంటాయి. గోధుమ రంగుకు తిరిగి గలగలమన్నప్పుడు కోయాలి. గింజ పైపొర గట్టిది, నేరుగా నాటితే నెలల తరబడి మొలవకపోవచ్చు. నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించి, కాస్త నిదానించాక గింజల మీద పోసి రాత్రంతా వదిలేయాలి. తెల్లారేసరికి ఉబ్బినవి విత్తడానికి సిద్ధం. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద ఒకటి రెండుసార్లు రుద్ది మళ్లీ నానబెట్టాలి. తల్లివేరు తిన్నగా లోతుకు దిగుతుంది కాబట్టి గుట్ట మీంచి పెద్ద మొక్కను పీకి తెస్తే పదింట తొమ్మిది చస్తాయి. నాటే చోటే విత్తడం మేలు. కాకపోతే పొడవాటి కవరులో మొలిపించి, చిన్నప్పుడే వేరు చెదరకుండా నేలలోకి మార్చాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మొరం చాలు, ఎరువు వద్దు. మొదటి ఎండాకాలం గడిచేదాకా వారానికి ఒకటి రెండుసార్లు నీళ్లు, ఆ తర్వాత అదీ అక్కర్లేదు. ఆరేడడుగులు పెరిగే గుబురును పూత అయ్యాక కత్తిరిస్తే మేడ మీద పెద్ద డ్రమ్ములోనూ ఒదుగుతుంది.

ఆకులు కొరికేసినట్టు కనబడితే కంగారుగా మందు డబ్బా తీయకూడదు. తెల్లటి, లేత ఆకుపచ్చ ఛాయ గల సీతాకోకచిలుకలు, చిన్న పసుపు సీతాకోకచిలుకలు తమ గుడ్లను ఈ మొక్క మీద పెడతాయి. వాటి గొంగళిపురుగులు తినేది దీని ఆకులనే. నాలుగు ఆకులు పోయినంత మాత్రాన తంగేడు చావదు.

చేని గట్టు మీది తెలుపు

గునుగుది వేరే స్వభావం. ఇది కొండ మొక్క కాదు, దున్నిన నేలను వెతుక్కుంటూ వస్తుంది. జొన్న, మొక్కజొన్న, పత్తి చేలల్లో రైతుకు ఇది కలుపు. ఒక్క కంకిలో వందల కొద్దీ నల్లగా మెరిసే సన్నటి గింజలుంటాయి. దీని పుట్టిల్లు ఆఫ్రికా అని కొందరు, మన దేశమే అని మరికొందరు శాస్త్రజ్ఞులు అంటారు. ఏదైనా ఇక్కడి చేలతో దీని సావాసం చాలా పాతది, బతుకమ్మ అందుకు సాక్ష్యం. తోటల్లో కోడిజుట్టులా ముద్దగా పూసేది కూడా ఇదే మొక్కకు సాగు రూపం.

పెరట్లో ఎండ బాగా పడే జాగాను జూన్ మొదట్లో గొర్రుతోనో పారతోనో పైపైన కదిలించాలి. మృగశిర కార్తె వానకు నేల తడిశాక గింజలను నాలుగింతల ఇసుకలో కలిపి చల్లాలి. పైన మట్టి కప్పకూడదు, అరచేత్తో అదిమితే చాలు. జూలై మొదటి వారం దాటకుండా చల్లితే సెప్టెంబరు చివరికల్లా కంకులు తొడుగుతాయి. ఒత్తుగా వస్తే జానెడు ఎడం ఉండేలా పీకేయాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. మొలిచినవన్నీ ఉంచేసి, కంకులు సన్నబడ్డాయని నేలను తిడతారు.

గునుగుకు తోడుగా గట్టు మీది ఇంకో రెండు మొక్కలు. తుమ్మి మోకాలి ఎత్తు కూడా పెరగదు. కణుపు కణుపుకూ తెల్లటి చిన్న పూలు విచ్చుకుంటాయి, తేనెటీగలు పొద్దంతా వాటి చుట్టూనే తిరుగుతాయి. వినాయక చవితికి తుమ్మికూర వండుకునే ఇళ్లకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. రెండోది వెన్నదేవికూర. నీడ తగిలే తడి చోట నీలి పూలు పొద్దున విచ్చి మధ్యాహ్నానికి వాడిపోతాయి. పైన పూసే పువ్వులు చాలవన్నట్టు మట్టిలోపల కూడా మొగ్గలు వేసి, అవి విచ్చుకోకుండానే గింజ కడతాయి. ఒకసారి పాతుకుంటే దీన్ని పెరట్లోంచి పంపించడం కష్టం. కుండీలో అయితే ముద్దు, పాదుల మధ్య అయితే తలనొప్పి.

నల్లరేగడి ఉన్నవాళ్లు తుత్తురుబెండనూ చేర్చుకోవచ్చు. పసుపు పూలు సాయంత్రం పూట విచ్చుకుంటాయి, కాయలు చిన్న దువ్వెన చక్రాల్లా ఉంటాయి. ఆఫీసు నుంచి పొద్దుగూకే వేళకు గానీ ఇల్లు చేరనివాళ్లకు ఇది సరైన మొక్క.

పొద చాటు పూలు

చిట్టడవి అంచుల్లో, రేగుపొదలను పట్టుకుని పైకి పాకే నాభి పూతను చూసినవాళ్లు మరిచిపోలేరు. రెక్కలు మొదట ఆకుపచ్చ కలిసిన పసుపు, తర్వాత కొస నుంచి మొదలుకు ఎరుపెక్కుతూ, వెనక్కి మడిచిన మంటలా నిలబడతాయి. అగ్నిశిఖ అన్న పేరు అందుకే. తమిళనాడుకు ఇది రాష్ట్ర పుష్పం, అక్కడి రైతులు మందుల కంపెనీల కోసం గింజలకు దీన్ని సాగు చేస్తారు. ఆ గింజల్లోనూ దుంపల్లోనూ ఉండే కాల్చిసిన్ మోతాదు దాటితే మనిషిని చంపుతుంది. దుంపను కందగడ్డ అనుకుని తిని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. చిన్నపిల్లలు, పెంపుడు కుక్కలు ఉన్న ఇంట్లో నాభి వద్దనే చెప్పాలి, ఎంత అందంగా ఉన్నా సరే.

పెట్టుకునేవాళ్లు అడవిలో తవ్వకుండా, సాగుదారుల దగ్గరో నర్సరీలోనో దుంప కొనాలి. దుంప రెండు కాళ్ల కొక్కెంలా ఉంటుంది. కొసన ఉన్న మొలక విరిగితే ఆ కాలు ఇక మొలవదు, అందుకే గుడ్డును పట్టుకున్నంత మెల్లగా పట్టుకోవాలి. తొలకరికి రెండు మూడంగుళాల లోతులో అడ్డంగా పడుకోబెట్టాలి. ఆకు కొసలే తీగ చుట్టుకునే వేళ్లు కాబట్టి పక్కన ముళ్లగోరింట లాంటి పొద ఉంటే పందిరి పని తప్పుతుంది. చలికాలానికి తీగ ఎండిపోతుంది. చచ్చిందనుకుని తవ్వి పారేయకూడదు, నీళ్లు పోయకూడదు. మళ్లీ వాన పడేదాకా అది నిద్రలో ఉంటుంది.

ముళ్లగోరింట పసుపు పూల కంచె. కొమ్మ గుచ్చినా బతుకుతుంది, మేకలు దగ్గరకు రావు. దీనికి దగ్గరి బంధువు కనకాంబరం. తలలో తురుముకునే ఈ పువ్వు దక్షిణ భారతంలో, శ్రీలంకలో అడవి నీడన పుట్టిందన్న సంగతి చాలామందికి తట్టదు. నీడ పడే కిటికీ కింద ఏం పెట్టాలని తికమకపడేవాళ్లకు ఇదే జవాబు. ఎండిన కాయ మీద నీటి చుక్క పడితే చిట్లి గింజలను దూరంగా విసురుతుంది, తనంతట తానే విస్తరిస్తుంది. ఢిల్లీ కనకాంబరానికి మాత్రం ఈ గుణం లేదు. దానికి గింజ పట్టదు, కొమ్మలతోనే పెంచాలి. పొద తానుగా పెరగాలంటే నాటు రకమే తెచ్చుకోవాలి.

తొట్టిలో చెరువు, ఇసుకలో తీగ

కలువకు రెండున్నర అడుగుల వెడల్పు తొట్టి, అయిదారు గంటల ఎండ చాలు. అడుగున ఆరంగుళాల మందాన బంకమట్టి, అంటే చెరువు ఒండ్రు వేసి, పైన పలచగా ఇసుక పరవాలి. కంపోస్టు వేస్తే నీళ్లు పాచిపట్టి కంపు కొడతాయి. దుంపను నాటి మొదట కొద్దిగా, ఆకులు లేస్తున్నకొద్దీ మరికొంత నీరు పెంచాలి. దోమలు రాకుండా చిన్న చేపలు వదలడం మామూలే. అందరూ పంచే గంబూసియా చేప ఉత్తర అమెరికాది. తొట్టిలో ఉన్నంతసేపు పర్వాలేదు గానీ, తొట్టి కడిగేటప్పుడు చెరువులోకో వాగులోకో వదిలితే అక్కడి చేపపిల్లలను, కప్పపిల్లలను తినేస్తుంది. ఊదా పూలు బాగున్నాయని గుర్రపుడెక్క తెచ్చి వేసుకునేవాళ్లూ ఉన్నారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క మన చెరువులను ఏం చేసిందో ఏ కట్ట మీద నిలబడినా కనిపిస్తుంది.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఇసుక నేలల్లో ఇళ్లున్నవాళ్లకు బాలబందు తీగ ఉంది. ఊదారంగు గరాటు పూలు, చీలిన ఆకులు, ఎగిరే ఇసుకను కట్టిపడేసే వేళ్లు. దీని గింజలు సముద్రంలో తేలుతూ తీరం నుంచి తీరానికి చేరతాయి. ఉప్పుగాలికి మాడిపోయే పచ్చిక బదులు దీన్ని పాకించడం తెలివైన పని.

ఏది మనది, ఏది కాదు

కోరమాండల్ తీరం, అంటే మన తూర్పు తీరం మొక్కలను శాస్త్రీయంగా నమోదు చేసినవారిలో ముందు చెప్పుకోవాల్సినవాడు వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్. 1781 నుంచి సామర్లకోటలో ఉండి తోట పెంచాడు, స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించాడు, 1793లో కలకత్తా వెళ్లాడు. 1795, 1820 మధ్య మూడు సంపుటాలుగా వెలువడిన ఆయన కోరమాండల్ మొక్కల గ్రంథంలో 300 రంగుల చిత్రాలున్నాయి. తన రాతల్లో ఆయన మొక్కల తెలుగు పేర్లను వదలకుండా రాసుకున్నాడు. ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. ఫోన్ యాప్ చెప్పిన లాటిన్ పేరును, ఊళ్లో పెద్దావిడ చెప్పిన పేరును పక్కపక్కన పెట్టి చూస్తే పొరబాట్లు తగ్గుతాయి.

ఇంట్లోనే ఉన్న ఇంకో పట్టిక వినాయకుడి ఇరవై ఒక్క పత్రి. ఉత్తరేణి, ములక, వావిలి, విష్ణుక్రాంత, జిల్లేడు, రేగు, జమ్మి, అన్నీ గట్లమీద, దిబ్బలమీద, వాగు ఒడ్డున దొరికేవే. వీటిలో విష్ణుక్రాంత నేలబారుగా పరుచుకుని గోరంత నీలి పూలు పూస్తుంది. గులకరాళ్ల మధ్య, ఎండ నేరుగా పడే చోట దీన్ని మించింది లేదు. జిల్లేడు నారింజ రంగు సీతాకోకచిలుకలకు పుట్టిల్లు, కాకపోతే పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. దాన్ని పిల్లలు ఆడే వైపు పెట్టకూడదు.

ఇక మనవనిపించే పరాయివాళ్లు. బంతి మెక్సికోది, బిళ్లగన్నేరు మడగాస్కర్‌ది, చంద్రకాంత, కాగితం పూలు, నీళ్లు తగలగానే చిట్లి పిల్లలను నవ్వించే చిటపటకాయలు అమెరికా ఖండాలవి. వీటిలో చాలావాటితో తగాదా ఏమీ లేదు, బంతి లేని గుమ్మాన్ని ఎవరూ కోరుకోరు. దగ్గరికి రానివ్వకూడనివి లంటానా, వయ్యారిభామ. ఆన్‌లైన్‌లో ‘వైల్డ్ ఫ్లవర్ మిక్స్’ అని అమ్మే ప్యాకెట్లతోనూ జాగ్రత్తగా ఉండాలి. వాటిలో సాధారణంగా ఉండే కాలిఫోర్నియా పాపీ, కార్న్‌ఫ్లవర్ లాంటివి చల్లటి వాతావరణానికి అలవాటుపడిన పూలు. మన మే నెలకు అవి నిలవవు.

టెక్సాస్‌లో, న్యూజెర్సీలో బతుకమ్మ పేర్చే ఇళ్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది. తంగేడు గింజలను అనుమతి లేకుండా సూట్‌కేసులో వేసుకెళ్లడం అక్కడి నిబంధనలకు విరుద్ధం, అవసరమూ లేదు. టెక్సాస్‌కు 1901 నుంచి బ్లూబానెట్ రాష్ట్ర పుష్పం. దాని గింజ పైపొర కూడా తంగేడులాగే గట్టిది, గీరాల్సిందే. సారం లేని, నీరు నిలవని నేలే దానికీ ఇష్టం. సెప్టెంబరు, నవంబరు మధ్య విత్తితే వసంతంలో పూస్తుంది. ఆస్టిన్‌లో 1982లో మొదలై ఇప్పుడు లేడీ బర్డ్ జాన్సన్ పేరుతో ఉన్న అడవి పూల కేంద్రం ఇలాంటి స్థానిక మొక్కల కోసమే పనిచేస్తోంది.

గింజ, కంచె, పక్కింటివాళ్లు

మొక్కను పీకకూడదు, గింజ ఏరుకోవాలి. అదీ ఒకే మొక్కను దులపకుండా, పది మొక్కల నుంచి కొంచెం కొంచెం. అభయారణ్యాల్లో, జాతీయ ఉద్యానవనాల్లో అదీ కుదరదు, 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. ఏరిన గింజను నీడలో ఆరబెట్టి, కాగితం కవరులో పోసి, పేరు, ఊరు, నెల రాసి పెట్టుకోవాలి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ పట్టి బూజొస్తుంది.

అందరూ అడిగే ప్రశ్న పాముల గురించి. పొద పెరిగితే పాములొస్తాయన్న భయాన్ని కొట్టిపారేయడం సరికాదు. ఎలుకలు దాక్కోవడానికి చోటుంటే పాములూ రావచ్చు. గోడ చుట్టూ, గుమ్మం ముందు నాలుగడుగుల జాగా శుభ్రంగా ఉంచాలి. తంగేడు కింది కొమ్మలు కోసి మొదలు కనబడేలా చేయాలి. రాళ్ల కుప్పను, ఎండు మొద్దును ఇంటికి దూరంగా పెట్టాలి. రెండో ఇబ్బంది పక్కింటివాళ్లు. గునుగు, తుమ్మి పెరిగిన పెరడు వాళ్లకు పాడుపడ్డ పెరడులా కనిపిస్తుంది. చుట్టూ రాళ్లు వరుసగా పేర్చి, మధ్యలో అడుగు వెడల్పు బాట తీస్తే చాలు, ఇది కావాలని వేసిందని చూడగానే తెలుస్తుంది. సెప్టెంబరులో ఓ గునుగు కట్ట ఇస్తే ఫిర్యాదులు మరింత తగ్గుతాయి.

పూత అయ్యాక వెంటనే కోసి ఊడ్చేయకూడదు. కంకులు ఎండి గింజ రాలేదాకా, అంటే డిసెంబరు వరకు ఉంచితే రెండో ఏడాది విత్తాల్సిన పని ఉండదు. ఆ ఏడాది జూన్‌లో గునుగు మడిలోనే కాక బాటలో, తులసికోట చుట్టూ, కుండీల్లో కూడా మొలుస్తుంది. అక్కర్లేనివాటిని జానెడు ఎత్తులో, కంకి వేయకముందే పీకి వంటింట్లోకి పంపాలి. లేత గునుగాకు పప్పులోకి, పులుసులోకి బాగుంటుంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు దీన్ని సాగు చేయకుండానే దొరికే ఆకుకూరల్లో లెక్కవేస్తారు. వండుకునేది సొంత పెరట్లో పీకిందే అయి ఉండాలి. రోడ్డు పక్కదీ, మందు కొట్టిన చేనిదీ పొయ్యి మీదికి రాకూడదు.